ఇరవైమూడో హంతకుడు

నేను ఒక అబద్ధపు మనిషికి నిజం గడియారాన్ని. ఆ మనిషి పేరు డిటెక్టివ్ వామనమూర్తి. అలాంటి మనిషి ఎప్పుడూ పుట్టలేదు, ఎక్కడా తిరగలేదు. తెనాలిలో ఒక పెంకుటింటి వసారాలో, చెన్నుపాటి మాణిక్యాలరావు అనే ఆయన కలంలోంచి ఊడిపడ్డాడు. అయినా ఒకప్పుడు రైలు పెట్టెల్లో, కాలేజీ బెంచీల కింద, బస్టాండు పుస్తకాల కొట్ల ముందు అతని కోసం పోట్లాడుకున్నవాళ్ళు ఉన్నారు. నన్ను మాత్రం మీరు చేత్తో ముట్టుకోవచ్చు. నెత్తిన రెండు గంటలు, వాటి మధ్య ఒక బుల్లి సుత్తి, వెనక రెండు కీలు, కింద మూడు కాళ్ళు. అందులో ఒక కాలు వంకర. జనం నన్ను టైంపీసు అంటారు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికేమీ లేదు. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, ఒకే పోలిక ఉన్న కొన్ని వేలమందితో పాటు పుట్టాను. ఓడలో మద్రాసు, రైల్లో తెనాలి వచ్చాను. అక్కడ ఒక కొట్టు బీరువాలో రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరూ నా ముఖం చూసేవారు, ముళ్ళు చూసేవారు. మాణిక్యాలరావు ఒక్కడే నా ముఖం చూడలేదు.

"ఇది గట్టిగా మోగుద్దా?" అని అడిగాడు.

"మోగిందంటే మీ వీధి వీధంతా లేచి కూచుంటదండీ," అన్నాడు కొట్టాయన.

"వీధితో నాకేం పని? నేనొక్కణ్ణి లేస్తే చాలు," అని నన్ను చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

నేను ఎందుకు కావలసివచ్చానో ఇంటికెళ్ళాక తెలిసింది. ఆయన భార్య సామ్రాజ్యం మంచం పట్టి ఉంది. మూత్రపిండాల జబ్బు. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఏడింటికి మందు పడాలి. మాణిక్యాలరావుకు కథ రాయడం మొదలుపెడితే ఒళ్ళు తెలియదు. మందు వేళ దాటిపోయేది. ఒకసారి అలా దాటిపోయి ఆమె ముఖం వాచిపోతే, ఆయన తన చెంపలు తనే వాయించుకుని, మర్నాడు నన్ను కొన్నాడు. ఆంధ్రదేశం అంతా పగలబడి నవ్విన వామనమూర్తి గడియారం అసలు కథ ఇదీ. నేను మందు గంటను.

నేను ఇంట్లో అడుగుపెట్టిన నెలకే ఆయన నన్ను నవలలోకి లాగాడు. అప్పటిదాకా ఆయన డిటెక్టివ్ అందరిలాంటివాడే. టోపీ, సిగరెట్టు, పొడుగాటి కోటు. నేనొచ్చాక ఆ మనిషి పూర్తిగా మారిపోయాడు. పొట్టివాడయ్యాడు. పంచె మీద నల్లకోటు తొడిగాడు. హత్య జరిగిన ఇంటికి వెళితే గుమ్మం బయటే చెప్పులు విడిచేవాడు. శవానికి నమస్కారం పెట్టేవాడు. వేలిముద్రల జోలికి పోడు, తుపాకీ ముట్టడు. గుడ్డసంచిలోంచి టైంపీసు తీసి, అలారం పెట్టి, అది మోగేదాకా ఆ ఇంటివాళ్ళతో పిచ్చాపాటీ మాట్లాడుతూ కూర్చునేవాడు. పప్పులోకి ఏం పోపు పెడతారు, కోడలిది ఏ ఊరు, కుక్కకు ఎవరు అన్నం పెడతారు, ఇవీ ఆయన విచారణలు. పక్కనున్న పోలీసు అధికారి జుట్టు పీక్కునేవాడు. టైంపీసు మోగిన మరుక్షణం వామనమూర్తి లేచి హంతకుడి పేరు చెప్పేవాడు. ఇంతకంటే తిక్క మనిషిని నేనెరగను. పాఠకులు మాత్రం ఆ తిక్కకే పడి చచ్చారు.

అయితే వాళ్ళను ఎక్కువ కట్టిపడేసింది చివరి పేజీలు. హంతకుడెవరో ఎవ్వరూ పోల్చలేకపోయేవారు. ఉత్తరాలు బస్తాల్లో వచ్చేవి. "మా తండ్రిగారు ప్లీడరు, ఆయన కూడా తప్పారు" అని ఒకరు. "మీ బుర్ర మనిషి బుర్ర కాదు" అని ఇంకొకరు. ఆ బుర్ర ఎవరిదో నాకు తెలుసు. ఆ బుర్ర కిటికీ పక్క నవారు మంచం మీద, రెండు దిండ్లకు ఆనుకుని పడుకుని ఉండేది.

వాళ్ళ పద్ధతి చెబుతాను. నవలకు ఎనిమిది ఫారాలు. ఒక్కో ఫారానికి పదహారు పేజీలు. ప్రెస్సులో సీసపు అక్షరాలు తక్కువ. అందుకని ఒక ఫారం అచ్చవగానే ఆ అక్షరాలు ఊడదీసి తర్వాతి ఫారానికి వాడుకునేవారు. అచ్చయినదాన్ని ఇక బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు. మాణిక్యాలరావు రాసినంత మేరా రోజూ రెండు గంటల మందు పడ్డాక భార్యకు చదివి వినిపించేవాడు. ఆరో ఫారం పూర్తయిన రోజున కాగితాలు పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, "ఇన్‌స్పెక్టరు గారూ, ఇప్పుడు సెలవియ్యండి. ఎవరు?" అని అడిగేవాడు.

ఆమె పేరు చెప్పేది. ఎప్పుడూ సరిగ్గానే చెప్పేది.

అంతే, ఈయన ఉడుక్కునేవాడు. పెళ్ళాం పోల్చిన హంతకుణ్ణి పుస్తకంలో ఉంచడం ఆయనకు నామోషీ. మిగిలిన రెండు ఫారాల్లో హంతకుణ్ణి మార్చేసేవాడు. ముందు ఆరు ఫారాలూ అచ్చయిపోయాయి కాబట్టి, వాటిలో ఉన్నవాళ్ళలోంచే, ఉన్న మాటల్లోంచే ఇంకొకణ్ణి వెతుక్కోవాలి. ఒకసారి పన్నెండో పేజీలో వామనమూర్తికి మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయిన ఒక పేరులేని వంటమనిషిని పట్టుకుని హంతకుణ్ణి చేశాడు. "ఆ మంచినీళ్ళ గ్లాసును అంత ముందుగా ఎలా పెట్టారండీ!" అని ఊళ్ళకు ఊళ్ళు ఆశ్చర్యపోయాయి. ఆ పేజీ రాసేటప్పుడు ఈయనకు దాహం వేసింది, అంతకు మించి అందులో ఏమీ లేదు. మొత్తం ఇరవైరెండు నవలలు. ఇరవైరెండు మంది హంతకులు సామ్రాజ్యం నోట తమ పేరు పడగానే నిర్దోషులై బయటపడ్డారు.

మాణిక్యాలరావుకు ఒకటే కోరిక ఉండేది. ఒక్కసారి ఆమెను ఓడించాలి. "నిన్ను ఓడించకుండా నేను చావను," అనేవాడు. "అయితే మీకు నూరేళ్ళూ ఢోకా లేదు," అని ఆమె నవ్వేది.

నవ్వినా, ఆమె నీరసించిపోతూనే ఉంది. ఉప్పు లేని చప్పిడి పథ్యం. ఆమె తినలేని కూడు తానెందుకు తినాలని ఆయన కూడా ఆ చప్పిడే తినేవాడు. గుంటూరు జిల్లాలో పుట్టి, ఆవకాయ వాసన లేకుండా ఎనిమిదేళ్ళు తిన్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఇరవైమూడో నవల నడుస్తున్నప్పుడు డాక్టరు వచ్చి చూసి, వెళుతూ ఆయన్ను అరుగు మీదికి పిలిచాడు. సామ్రాజ్యం నిద్రలో ఉంది. నేను కిటికీలో ఉన్నాను కాబట్టి నాకు ప్రతి మాటా వినిపించింది.

"ఇక జబ్బు తలకెక్కే రోజులొచ్చినయ్యండీ. ముందు చిన్న చిన్నవి తప్పుతారు. పేర్లు, లెక్కలు. అదే గుర్తు. తర్వాత మనుషుల్ని కూడా పోల్చుకోలేరు. మీరు గుండె దిటవు చేసుకోవాలి," అన్నాడాయన.

మాణిక్యాలరావు తల ఊపాడు. లోపలికొచ్చి నాకు కీ ఇచ్చాడు. అప్పటికి గంట కిందటే ఇచ్చాడు. ఆ సంగతి మర్చిపోయి మళ్ళీ ఇచ్చాడు.

ఆ వారంలోనే ఆరో ఫారం పూర్తయింది. ఆ రోజు పొద్దున ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరు దానియేలు ప్రూఫులు పట్టుకుని వచ్చాడు. ఈయన చేతిరాతను చదవగలిగిన మనిషి ప్రెస్సులో దానియేలు ఒక్కడే. మాణిక్యాలరావు వసారాలో కళ్ళజోడు వెతుక్కుంటూ ఉన్నాడు. సామ్రాజ్యం దానియేలును గుమ్మం దాకా రమ్మని సైగ చేసింది.

"దానియేలూ, ఈసారి హంతకుడు పోస్టుమాస్టరు. చివరి ఫారం నీ చేతికొచ్చాక చూసుకో," అంది.

"మీకు అప్పుడే తెలిసిపోయిందాండీ!"

"తెలిసింది గానీ, ఆయనకి చెప్పమాక. నేను వేరే పేరు చెప్తా. చూశావుగా మనిషెట్టా నలిగిపోయాడో. మళ్ళీ కథంతా తిప్పి రాసే ఓపిక ఆయనకి లేదు. ఒక్కసారి గెలవనీ పాపం. నేను పోయాక కూడా చెప్పమాక."

"అట్టాంటి మాటలనమాకండి అమ్మగారూ," అన్నాడు దానియేలు. ఆ రహస్యం ఆమె తనకు అప్పగించినందుకు అతని ముఖం వెలిగిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి నేను మోగాను. మందు పడింది. ఆయన చదివాడు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీశాడు. "ఇన్‌స్పెక్టరు గారూ, ఎవరు?"

సామ్రాజ్యం కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించినట్టు నటించింది. "కారు డ్రైవరు," అంది.

ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఎనిమిదేళ్ళ పందెం గెలిచాడు కదా! వీధిలోకి పరిగెత్తి పదిమందికి చెబుతాడనుకున్నాను. ఆయన ముఖం చూస్తే నాకు సుత్తి ఆడలేదు. నెత్తురు చుక్క లేదు. డాక్టరు చెప్పిన మాట ఆయన చెవిలో మోగుతోందని నాకు అర్థమైంది. ముందు చిన్న చిన్నవి తప్పుతారు. పేర్లు తప్పుతారు. ఇరవైరెండుసార్లు తప్పని మనిషి ఇవాళ తప్పింది.

ఇంత పెద్ద డిటెక్టివును పుట్టించిన మనిషి ఇంట్లో ఉన్న ఆధారాన్ని తలకిందులుగా చదువుకున్నాడు. మనుషులు ఊరందరి గుట్టూ విప్పుతారు, పక్కమీద మనిషి గుట్టు దగ్గర బోల్తా పడతారు.

"అవును. డ్రైవరే. ఎట్టా కనిపెట్టావు!" అని ఆయన అబద్ధం చెప్పాడు. ఆమె ఆయన వంక కాసేపు తేరిపార చూసి, చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆయన వసారాలోకి వెళ్ళి, పైపంచె నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ఆ రోజు నుంచీ ఆమెను ఇన్‌స్పెక్టరు గారూ అని పిలవలేదు. "తల్లీ" అన్నాడు. పసిబిడ్డతో మాట్లాడినట్టు ముద్దుగా, నెమ్మదిగా మాట్లాడాడు. ఏదీ అడగలేదు, దేనికీ సలహా కోరలేదు. చివరి రెండు ఫారాలూ ముందు అనుకున్నట్టే, పోస్టుమాస్టరునే హంతకుణ్ణి చేసి రాసి దానియేలు చేతికిచ్చాడు. ఆమెకు చదివి వినిపించలేదు. ఎలా వినిపిస్తాడు? వినిపిస్తే తాను తప్పానని ఆమెకు తెలిసిపోతుంది కదా. మతి పోతున్న మనిషికి మతి పోతోందని చెప్పినట్టే కదా. ఆయన ప్రేమంతా ఆ కాగితాలు దాచడంలోనే ఉంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. నాకున్నది రెండు గంటలు, ఒక సుత్తి. రోజుకు మూడుసార్లు మోగాను. మోగిన ప్రతిసారీ ఆయన మందు సీసా అందుకున్నాడు.

ఆమె మతి చివరిదాకా చెక్కుచెదరలేదు. పన్నెండో రోజు ఉదయం, ఊపిరి అందక కన్నుమూసింది.

పుస్తకం బయటికొచ్చింది. ఈసారి ఉత్తరాలు వేరుగా ఉన్నాయి. "పోస్టుమాస్టరేనని మాకు ముందే తెలిసిపోయింది" అని వందమంది రాశారు. మా ఆరో తరగతి పిల్ల కూడా చెప్పేసింది అని ఒకాయన ఎగతాళి చేశాడు. భార్య మార్పించని హంతకుణ్ణి ఎవరైనా పట్టుకోగలరని మాణిక్యాలరావుకు తట్టాలి. తట్టలేదు. ఆ ఉత్తరాలు చదువుకుంటూ ఆయన ఇంకా కుమిలిపోయాడు. ఆరో తరగతి పిల్లకు తెలిసింది ఆమెకు తెలియలేదంటే, ఆఖరికి ఆమె ఎంత చీకట్లో ఉండిందో అనుకున్నాడు. కలం మూసేశాడు. వామనమూర్తి ఇరవైమూడో నవలతో ఆగిపోయాడు. నాకు కీ ఇచ్చే పని కూడా ఆగిపోయింది.

తర్వాత మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చి నన్ను అడిగి తీసుకుపోయారు. అసలు గడియారం మీద ముహూర్తపు షాట్ తీస్తే కలిసొస్తుందట. అక్కడ వామనమూర్తి ఆరడుగులు పెరిగాడు. పంచె పోయి ప్యాంటు వచ్చింది. శవానికి నమస్కారం పెట్టే చోట, హీరోయిన్‌తో పాట పెట్టారు. నా మోత బాగాలేదని వేరే గంట మోత నా మీద అతికించారు. తెర మీద నేను నోరు తెరిస్తే ఇంకొకరి గొంతు వినిపించింది. సినిమా రెండు వారాలు ఆడింది. నన్ను మాణిక్యాలరావుకు తిరిగి పంపిస్తే, ఆయన నా వంక చూసి, బీరువా పైన పెట్టి, ముఖం గోడకు తిప్పాడు.

ఇరవై అయిదేళ్ళు గోడ చూస్తూ గడిపాను.

అప్పుడు హైదరాబాదులో టీవీవాళ్ళకు వామనమూర్తి గుర్తొచ్చాడు. సీరియల్ తీశారు. వీళ్ళు మంచివాళ్ళు, పొట్టి నటుణ్ణే పెట్టారు. చెప్పులు విడిపించారు, నమస్కారం పెట్టించారు, నన్ను దుమ్ము దులిపి నూనె వేసి సంచిలో పెట్టారు. చివరి నవల తీస్తున్న రోజున పెద్దాయన్ను పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా రాలేక దానియేలును తోడు తెచ్చుకున్నాడు. దానియేలుకూ జుట్టు తెల్లబడిపోయింది. అట్టముక్కలతో కట్టిన పోస్టుమాస్టరు ఇంట్లో, నేనున్న బల్ల పక్కనే ఇద్దరికీ కుర్చీలు వేశారు.

లైట్లు సర్దుతుండగా డైరెక్టరు వచ్చి, "ఈ నవల తర్వాత మీరు ఎందుకు రాయలేదు సార్?" అని అడిగాడు.

"ప్రతి నవలలోనూ మా ఆవిడ హంతకుణ్ణి పోల్చేది బాబూ. దీంట్లో పోల్చలేకపోయింది. అప్పటికే పాపం మతి పోయింది. ఇక ఎవరికోసం రాసేది?" అన్నాడు మాణిక్యాలరావు. ఆ మాట ఆయన మరొక మనిషితో అనడం అదే మొదటిసారి.

డైరెక్టరు తల వంచుకుని వెళ్ళిపోయాడు. దానియేలు కుర్చీలో ఇటు తిరిగాడు.

"మతి పోవడమేందండీ?"

"పోబట్టేగా డ్రైవరని చెప్పింది."

"అయ్యో, అమ్మగారికి తెలుసండీ! పోస్టుమాస్టరని పొద్దున్నే నాతో చెప్పింది. మిమ్మల్ని ఒక్కసారి గెలిపించాలని డ్రైవరంది. చెప్పొద్దని మాట తీసుకుంది కాబట్టి ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నా. మీరు గెలిచి సంతోషంగా ఉన్నారనుకున్నానండీ!"

"ఎట్టా తెలిసిందంట?" అన్నాడు మాణిక్యాలరావు.

"అదీ ఒకసారి అడిగానండీ. మీరు ఎవరి కంచంలో ఆవకాయ ఏస్తే, మీరనుకున్న హంతకుడు ఆడేనంట. మీకు చప్పిడి తిని తిని నోరు చచ్చి, ఇష్టంగా రాసుకునే మనిషికి మంచి భోజనం పెట్టేస్తారంట. పోస్టుమాస్టరి భోజనానికే నాలుగు పేజీలు పెట్టారుగా!"

పెద్దాయన నవ్వాడు. ఇరవై అయిదేళ్ళలో ఆ నవ్వు నేను వినలేదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడో ఆగింది. ముఖం నెమ్మదిగా మారింది. ఆయన రోజులు లెక్కపెడుతున్నాడని నాకు తెలిసింది.

"దానియేలూ, ఆ తర్వాత పన్నెండు రోజులుంది. నువ్వు రోజూ ఇంటికొచ్చావుగా. నేను ఆమెతో ఏం మాట్లాడేవాణ్ణి?"

దానియేలు అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "బార్లీ తాగు తల్లీ అనేవారండీ. మందేసుకో తల్లీ, పడుకో తల్లీ అనేవారు."

"ఇంకా?"

"అంతేనండీ."

అంతలో ఎవరో సైలెన్స్ అని అరిచారు. లైట్లు వెలిగాయి. పొట్టి నటుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మాణిక్యాలరావు షూటింగు చూడలేదు, తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. మరుసటి ఏడు ఆయన పోయాడని స్టూడియోవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. నన్ను స్టూడియో ముందు గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. పిల్లలు వచ్చి నా పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు.

దానియేలుకు తెలిసింది అంతవరకే. ఆయనకు తెలిసిందీ అంతవరకే. మిగతాది నాకు ఒక్కదానికే తెలుసు. తెలియకుండానే ఆయన పోవడం మంచిదని ఒక్కోసారి అనుకుంటాను, కాదని ఒక్కోసారి అనుకుంటాను.

ఆ పన్నెండు రోజుల్లో, పొద్దున ఆయన బావి దగ్గర స్నానం చేస్తున్నప్పుడు, ఆమె దిండ్లు సర్దుకుని లేచి కూర్చునేది. డ్రైవరే అని ఆయన చెప్పింది అబద్ధమని ఆమెకు తెలుసు. తనను ఏమార్చి, చివరి ఫారం చదివేటప్పుడు ఒక్కసారిగా బయటపెట్టి గెలుపు చాటుకోవాలని దాస్తున్నాడనుకుంది. "ఎంత గడుసుతనం," అని మురిసిపోయింది. ఆయన చదివే రోజున ఆశ్చర్యపోవాలి కదా. అందుకని నా వంక చూస్తూ ఆశ్చర్యపోవడం నేర్చుకుంది. "అయ్యో, పోస్టుమాస్టరా! నేను డ్రైవరనుకున్నానే!" మొదటిసారి నవ్వు ఆగలేదు. రెండోసారి దగ్గు వచ్చింది. మూడోసారి కళ్ళు పెద్దవి చేసి, చెంప మీద చెయ్యి పెట్టుకుని ఎంత బాగా అందంటే, నాకే నమ్మబుద్ధయింది.

ఆయన అడుగుల చప్పుడు విని గబగబా పడుకుంది. ఆయన గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"ఏమండీ, చివరి ఫారం చదవరూ?" అంది.

"ముందు ఇది తాగు తల్లీ," అన్నాడు.

ఆమె తాగింది.